అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ అయిపోయింది, ఇగ నెక్స్ట్ ఏం చదవాలె? బడ్జెట్ 2000

కాజీపేట_జంక్షన్:
అందరికీ నమస్తే. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ కామిక్ మొదటి వాల్యూమ్ నిన్న రాత్రి అయిపోగొట్టిన, ఇంక దిమాక్‌ల నుంచి పోతలేదు. పైసల్లేని బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు) అంటే చదివేముందు నాకు నమ్మకం కుదరలె. పెద్ద బంగ్లా లేదు, బట్లర్ లేడు, సిటీల ఇంజినీరు పని చేస్తడు, వాళ్ల నాయిన స్కూల్ టీచర్, అమ్మ బతికే ఉంటది. రచయిత స్కాట్ స్నైడర్ ఇవన్నీ తీసేసి కూడ బ్యాట్‌మ్యాన్‌ని బ్యాట్‌మ్యాన్ లెక్కనే నిలబెట్టిండు. ఇగ నిక్ డ్రాగోటా బొమ్మలు చూడాలె... మనిషి ఎంత పెద్దగుంటడంటే ప్యానెల్‌ల (బొమ్మ గడిల) పట్టడు, భుజాలు గీత దాటి బయటికొస్తయ్, ఛాతి మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అయితది, ఆ పేజీ కాడ నేను చాలాసేపు ఆగిపోయిన.

ఇప్పుడు నెక్స్ట్ ఏందో చెప్పుండ్రి. రెండు వేలు జమ చేసిన. కథ అయిపోయింది అయితే మంచిది, ఎన్నేండ్లయినా సాగేటివి వద్దు. మాంగా (జపాన్ కామిక్స్) ఇప్పటిదాకా ముట్టలే. ఇంగ్లీష్, హిందీ రెండూ చదువుత, తెలుగుల ఉంటే ఇంకా సంబురం.

హంటర్‌రోడ్_రీడర్:
తమ్మి, అదే లైన్‌ల అబ్సల్యూట్ వండర్ వుమన్ పట్టుకో. కెల్లీ థాంప్సన్ రాసింది, హేడెన్ షెర్మన్ బొమ్మలు. డయానా (వండర్ వుమన్ అసలు పేరు) పాత కథల లెక్క ఆడోళ్ల ద్వీపంల పెరగదు, నరకంల పెరుగుతది, పెంచింది సర్సీ అనే మంత్రగత్తె. నరకంల పెరిగిన పిల్ల ఎంత ప్రేమ గల మనిషి అయిందో చూపెడుతరు, అదే దాని గొప్పతనం. ఎక్కి తిరిగే గుర్రం ఎముకల గూడు, దానికి రెక్కలు. 2025ల, అమెరికాల కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డులల్ల బెస్ట్ న్యూ సిరీస్ దీనికే వచ్చింది.

అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్ కూడ ఉంది, డెనిజ్ క్యాంప్ రాసింది, హావియర్ రోడ్రిగెజ్ గీసిండు. మనుషుల మనసుల ఉన్నది రంగు పొగ లెక్క బయటికొస్తది, హీరో ఆ పొగను చూస్తడు. ఈ కథ సినిమా తీస్తే సగం పోతది అనిపిస్తది నాకు, కాగితం మీదనే బతికే కథ.

కాని నువ్వు అయిపోయిన కథ అన్నవ్ కదా, వండర్ వుమన్ ఇంకా సాగే కథ. అయిపోయినదాంట్ల అయితే కళ్లు మూసుకోని ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్. పన్నెండు ఇష్యూలు, 2005 నుంచి 2008 దాకా వచ్చినయ్, గ్రాంట్ మారిసన్ రాత, ఫ్రాంక్ క్వైట్లీ గీత. మొదటి పేజీల నాలుగు బొమ్మలు, ఎనిమిది మాటలు, గంతే, సూపర్‌మ్యాన్ పుట్టుక కథ మొత్తం అయిపోతది. ఇప్పుడు డీసీ వాళ్లు (బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే కంపెనీ) కాంపాక్ట్ సైజుల తెస్తున్నరు, ధర తక్కువ, చిన్న పుస్తకం, రైల్ల చదువుకోవచ్చు.

బొగ్గుగని_బ్యాట్:
కాంపాక్ట్ గురించి ఒక మాట. ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ చిన్న సైజుల బాగనే ఉంటది, ఎందుకంటే క్వైట్లీ పేజీకి తక్కువ ప్యానెల్స్ గీస్తడు, ఖాళీ జాగ మస్తుంటది. వాచ్‌మెన్ అనే కామిక్ మాత్రం ఆ సైజుల కొనకుర్రి. పేజీకి తొమ్మిది గడులు, ఒక్కో గడిల ఇంతింత డైలాగు, డేవ్ గిబ్బన్స్ వెనక గోడ మీది పోస్టర్ల కూడ కథ పెడ్తడు, చిన్న సైజుల అది కనవడదు. దానికి మామూలు సైజే కావాలె.

ఇగ తమ్మి, మాంగా ముట్టలేదన్నవ్, నా మాట విని ప్లూటో మొదలుపెట్టు. రాసి గీసింది నవోకి ఉరాసావా. మొత్తం ఎనిమిదే వాల్యూములు, 2003 నుంచి 2009ల అయిపోయింది. టెజుకా రాసిన ఆస్ట్రో బాయ్ అనే పాత మాంగాల ఒక కథ ఉంటది, ప్రపంచంల అన్నిటికంటే బలమైన రోబోలను ఒక్కొక్కటిగా చంపే కథ, ఉరాసావా దాన్ని తీసుకోని హత్యల కేసు లెక్క మార్చిండు, దర్యాప్తు చేసే డిటెక్టివే ఒక రోబో. మొదటి వాల్యూమ్‌లనే నార్త్ నంబర్ టూ అనే రోబో వస్తడు, యుద్ధంల చాన మందిని చంపిన రోబో, కళ్లు కనవడని ముసలి సంగీతకారుని ఇంట్ల నౌకరు లెక్క చేరుతడు, పియానో నేర్చుకుంటా అంటడు. ఆ ముసలాయన తిడ్తడు, నువ్వు యంత్రానివి నీకు సంగీతం ఏం తెలుసు అని. తర్వాత ఏమైతదో చెప్ప. నేను సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి చదివిన, ఇగ నిద్ర పట్టలే.

కాజీపేట_జంక్షన్:
అన్నా ఆ పియానో ముచ్చటకే నేను పడిపోయిన. మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలె అంటరు కదా, కష్టమైతదా?

బొగ్గుగని_బ్యాట్:
ఏం గాదు. పుస్తకం మనకు వెనక అట్ట అనిపించే దిక్కు నుంచి తెరవాలె, పేజీల పైన కుడి మూల ప్యానెల్ ముందు, అట్ల ఎడమకు, కిందికి. బెలూన్లు కూడ అట్లనే. మొదటి చాప్టర్‌ల ఒకటి రెండుసార్లు తడబడ్తవ్, రెండో చాప్టర్ కాడికి కన్ను అదే పోతది. వన్ పీస్ అనే మాంగా మాత్రం ఇప్పుడే అంటుకోకు, 1997 నుంచి వస్తనే ఉంది, వాల్యూములు వంద దాటినయ్. అది మస్తు మంచి కథ, కాని రెండు వేలతోని పెట్టుకునే కథ గాదు. రుచి చూడాలంటే మాంగా ప్లస్ యాప్‌ల చాన సిరీస్‌లకు మొదటి చాప్టర్లు, లేటెస్ట్ చాప్టర్లు ఫ్రీగా పెడ్తరు, అది పబ్లిషర్ సొంత యాప్, దొంగ సైట్ల పొంటి తిరుగుడు అవసరం లేదు.

పరకాల_ప్యానెల్స్:
ప్లూటో మంచిదే, నేను కాదన. కాని విన్‌ల్యాండ్ సాగా అనే మాంగా గురించి ఎవ్వరూ ఎత్తుతలేరేంది? మకోటో యుకిమురా 2005ల మొదలుపెట్టి 2025 జులైల ముగించిండు, 29 వాల్యూములు. అది బడ్జెట్‌కు ఎక్కువే, ఒప్పుకుంట, కాని ఇప్పుడు కథ మొత్తం అయిపోయింది కాబట్టి నిమ్మలంగా ఒక్కొక్కటి కొనుక్కోవచ్చు.

మొదట్ల అంతా వైకింగుల కొట్లాట, కత్తులు, నాయినను చంపినోని మీద పగ. మస్తు మంది అక్కడిదాకా చదివి ఇది యాక్షన్ కథ అనుకుంటరు. ఎనిమిదో వాల్యూమ్ కాడ కథ తిరిగిపోతది. హీరో థోర్ఫిన్ డెన్మార్క్‌ల ఒక పెద్ద రైతు దగ్గర బానిస. ఇంకో బానిస ఐనార్‌తోని కలిసి అడవి కొట్టి పొలం చెయ్యాలె, అందుల పండిన గోధుమలు అమ్మి ఆ పైసలతోని తమను తాము విడిపించుకోవాలె. చెట్లు నరుకుడు ఒక ఎత్తు, మొద్దులు పీకుడు ఇంకో ఎత్తు. వేర్లు తవ్వి, మోకు కట్టి, ఇద్దరు గుంజితే రాదు, గుర్రం కావాలె, గుర్రం అడిగితే పెద్ద రైతు కింద పనోళ్లు ఇయ్యరు, ఆఖరికి ఒక ముసలాయన మీరు నా పొలంల పని చేయుండ్రి నా గుర్రం నాగలి వాడుకోండ్రి అంటడు. మా తాత చెలక చేసిన ముచ్చట చెప్పినప్పుడు ఇదే చెప్పేటోడు, పొదలు కొట్టుడు గాదు బిడ్డా మొద్దులు తీసుడే పాణం తీస్తది అని. జపాన్‌ల కూసోని ఒకాయన వెయ్యేండ్ల కిందటి డెన్మార్క్ గురించి రాస్తే పరకాల కాడ మా ఇంట్ల ముచ్చటయింది. మొలక వచ్చిన రోజు ఇద్దరూ పొలం కాడ కూసోని చూస్తరు, ఆ పేజీల డైలాగ్ అవసరమే లేదు.

ఆ ఫార్మ్ భాగం బోర్ అని మస్తు మంది వదిలేస్తరు, నాకు మస్తు బాధయితది. కొట్లాడుడు వచ్చినోడు కొట్లాడుడు బంద్ చేసుడే ఆ కథ, పొలం లేకుంటే కథే లేదు.

కేయూ_క్రాస్‌రోడ్:
పరకాల అన్నా మీరు రాసింది చదివి నేను ఇప్పుడే లిస్టుల పెట్టుకున్న. మీకు సిల్వర్ స్పూన్ నచ్చుతది చూడండి, హిరోము అరకావా, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ గీసిన ఆమెనే, హొక్కైడోల అగ్రికల్చర్ స్కూల్ కథ, 15 వాల్యూములు. ఆమె సొంతంగా పాడి రైతుల ఇంట్ల పుట్టిన మనిషి. పిల్లలు పెంచిన పంది పిల్లకు పేరు పెట్టాలా వద్దా అనే దగ్గరనే పెద్ద చర్చ ఉంటది అందులో, ఎందుకంటే అది రేపు మాంసం అయితది.

ఒక సంగతి అడగాలె. ఇంతసేపటి నుంచి అమెరికా, జపాన్ అంటున్నరు, మన దేశం పుస్తకాలు ఒక్కటి కూడ రాలేదు. భీమాయన చదివిన్రా ఎవరైనా? అంబేద్కర్ గారి జీవితం, నవయాన వాళ్లు 2011ల వేసిన్రు, బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్, మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు. వాళ్లు మనుషులను డబ్బాలల్ల పెట్టం అన్నరట, అందుకే గడులు ఉండవు, పేజీని గోండు ఇండ్ల గోడల మీద వేసే ముగ్గు తీరు డిజైన్‌తోని విడదీస్తరు. బెలూన్లు చూడండి, మంచి మాట మాట్లాడితే పిట్ట ఆకారం, కుల అహంకారంతోని మాట్లాడితే బెలూన్ తోక తేలు కొండి. చిన్న భీముడు నీళ్లు అడిగే కాడ ఆ తేలు కొండి చూస్తే ఒళ్లు జలదరిస్తది. మన ఆదిలాబాద్ దిక్కు గోండులు అంతమంది ఉన్నరు, ఆ బొమ్మల లోకం మనకు దూరం కాదు.

ఇంకా నర్మద డ్యామ్ మీద ఒరిజిత్ సేన్ 1994లనే రివర్ ఆఫ్ స్టోరీస్ గీసిండు. ఫూలే రాసిన గులాంగిరి పుస్తకం మీద ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌ల్యాండ్ ఉంది. కాజీపేట తమ్మీ, రెండు వేలల ఒకటి భీమాయన పెట్టుకో, ఒక్కటే పుస్తకం, కథ పూర్తి.

పాతపేపర్:
నేను అందరికంటే పెద్దోన్ని ఈడ, యాభై దాటినయ్. కాజీపేట పిల్లగాడు పైసల్లేని బ్యాట్‌మ్యాన్ అంటే మస్తు ఖుషీ అయిండు కదా, మాకు ఆ ఖుషీ 1987లనే దొరికింది బిడ్డా. సూపర్ కమాండో ధ్రువ, రాజ్ కామిక్స్ వాళ్లది, రాసి గీసింది అనుపమ్ సిన్హా. శక్తుల్లేవు, ఆస్తుల్లేవు, సర్కస్‌ల పెరిగిన పిల్లగాడు, మోటర్‌సైకిల్ ఎక్కుతడు, జంతువులతోని మాట్లాడుతడు, దిమాక్‌తోని గెలుస్తడు. దానికంటే ఒక యేడాది ముందు నాగరాజ్ వచ్చిండు. డోగా అనే హీరో తర్వాత వచ్చిండు. మా నాయినది రైల్వే నౌకరి, కాలనీల హిందీ మాట్లాడేటోళ్లు మస్తు మంది, ఒక్క కామిక్ కొంటే చేతులు మారి మారి అట్ట ఊడిపోయేదాక చదివేటోళ్లం. నా హిందీ మొత్తం ధ్రువ నేర్పిందే. ఇప్పుడు రాజ్ కామిక్స్ వాళ్లు పాతవి మళ్ల ముద్రిస్తున్నరు, హిందీ చదువుతా అన్నవ్ కాబట్టి ఒకటి తెప్పించుకో. ప్రతిశోధ్ కీ జ్వాలా మొదటిది. కాగితం, రంగులు అమెరికా పుస్తకం లెక్క ఉండయి, కాని కథ ఒక్క పేజీ కూడ ఆగదు.

హంటర్‌రోడ్_రీడర్:
కాకా, ధ్రువకూ అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్‌కూ పోలిక నిజమే గాని ఒక తేడా ఉంది. ధ్రువ లోకంల పోలీసులు, సర్కారు మంచోళ్లే, ఆయన్ని పెంచింది కూడ పోలీస్ ఆఫీసరే. ఈ కొత్త బ్యాట్‌మ్యాన్‌కు ఊరు నడిపేటోళ్లే శత్రువులు, డబ్బంతా వాళ్ల దిక్కుంది. అందుకే అంత కోపం ఆ బొమ్మలల్ల.

పాతపేపర్:
అది ఒప్పుకుంట. డోగాకు ఆ కోపం ఉండె. సరే, రెండూ చదవనీ పిల్లగాన్ని.

టీచరమ్మ_జనగామ:
నమస్కారం అండి అందరికీ. నేను జనగామ దగ్గర సర్కారు బడిల తెలుగు చెప్తాను. మీ చర్చ అంతా చదివిన, బాగుంది, కాని మా ఆరో తరగతి పిల్లలకు ఏం ఇయ్యాలె చెప్పండి. ఇంగ్లీష్ ఇంకా అంత రాదు, తెలుగు కూడ కొందరు కూడబలుక్కుంటరు. బొమ్మలుంటే మాత్రం పుస్తకం వదలరు, అది నేను కళ్లారా చూసిన. లైబ్రరీ బీరువాల అమర్ చిత్ర కథ తెలుగుల రెండు మూడు ఉన్నయ్, అవి తిరిగి తిరిగి చిరిగిపోయినయ్. తెలుగుల కొత్త కామిక్స్ అసలు వస్తున్నయా?

పాతపేపర్:
టీచరమ్మా, నెలనెలా వచ్చే తెలుగు కామిక్ అంటే ఇప్పుడు చెప్పదగ్గది నాకు కనవడతలేదు. మా కాలంల చందమామ ఉండె, 1947 జులైల మొదలయింది, వడ్డాది పాపయ్య గారి అట్టలు, లోపల చిత్రా, శంకర్ బొమ్మలు. భేతాళుడు శవంల ఉండి మాట్లాడుతుంటే విక్రమార్కుడు కత్తి పట్టుకోని నడిచే బొమ్మ శంకర్ గారిదే. బుజ్జాయి గారి డుంబు అనే బొమ్మల కథ ఉండె, ఆయన కృష్ణశాస్త్రి గారి కొడుకు, పంచతంత్రం బొమ్మల కథలు ఇంగ్లీష్ పత్రికల కూడ వేసిండు. చందమామ ఆగిపోయి పదేండ్లు దాటింది. ఆదివారం హైదరాబాద్ పోతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సంచికలు ఇంకా దొరుకుతయ్, కాని ధరలు పెంచేసిన్రు.

కేయూ_క్రాస్‌రోడ్:
మేడమ్, రెండు దారులున్నయ్. ఒకటి స్టోరీవీవర్, ప్రథమ్ బుక్స్ వాళ్లది, తెలుగుల బొమ్మల కథలు వందల కొద్ది ఉన్నయ్, ఫ్రీ, డౌన్‌లోడ్ చేసుకోని ప్రింట్ తీయొచ్చు, లెవెల్స్ ఉంటయ్ ఒకటి నుంచి నాలుగు. బడిల టీవీ గాని ప్రొజెక్టర్ గాని ఉంటే ఇంకా మంచిది. రెండోది మంచి పుస్తకం వాళ్లు, సికింద్రాబాద్, వాళ్ల పిల్లల పుస్తకాలు తక్కువ ధర, చాన వరకు సర్కారు బళ్లను దృష్టిల పెట్టుకోని వేసినట్టే ఉంటయ్. డిసెంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వస్తరు. ఇవి పక్కా కామిక్స్ కావు, బొమ్మల కథలు, కాని కూడబలుక్కునే పిల్లలకు ముందు ఇవే కరెక్ట్.

చేర్యాల_ఎర్రరంగు:
ఇన్నొద్దులు చదువుడే గాని ఎన్నడు రాయలే ఈడ, టీచరమ్మ అడిగినందుకు రాస్తున్న. మేము చేర్యాల దగ్గరోళ్లం. మా పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. టీచరమ్మా, మీ జనగామకు చేర్యాల ఎంత దూరం? బస్సెక్కితే పిల్లలను తీస్కొచ్చి బొమ్మలు గీసే నకాషోళ్ల ఇంట్ల పటం చూపెట్టొచ్చు. అది మన కామిక్ గాదా?

పటం అంటే మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు ఖద్దరు బట్ట. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూసి ఆరబెడ్తరు. ఎనక మొత్తం ఎరుపు. బట్టను వరుసలుగా విడదీసి మధ్యల పూల అంచు గీస్తరు, ఒక్కో వరుసల కథ ముంగటికి నడుస్తది. చెప్పేటాయన దాన్ని కట్టెకు కట్టి ఏలాడదీసి, కథ నడిచినకొద్ది చుట్టుకుంట విప్పుకుంట పోతడు, కట్టెపుల్లతోని బొమ్మను చూపెట్టుకుంట పాడ్తడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, కూనపులోళ్లు చెప్తరు. గౌండ్లోళ్లకు గౌడ పురాణం, చాకలోళ్లకు మడేలు పురాణం, మాదిగోళ్లకు జాంబ పురాణం. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం, రాత్రి పొద్దుపోయే దాక నడుస్తది. చదువు రాని ఊర్లన్నీ బొమ్మల కథ చదివినయ్ ఈ లెక్కన.

హంటర్‌రోడ్_రీడర్:
అన్నా పటం గొప్పది, అందుల ఇంకో మాట లేదు. కాని కామిక్ అంటే నాకు డౌట్. కామిక్‌ల నేను ఒక్కన్నే కూసోని నా స్పీడ్‌ల చదువుత, రెండు గడుల మధ్య ఏం జరిగిందో నా దిమాకే నింపుకుంటది. పటంల ఆ పని పాడేటాయన చేస్తడు, ఆయన లేకుంటే బొమ్మలు నాకు అర్థం కావు. మాట లోపల ఉండాలె కదా.

కేయూ_క్రాస్‌రోడ్:
నేను ఒప్పుకోను. స్కాట్ మెక్‌క్లౌడ్ అండర్‌స్టాండింగ్ కామిక్స్‌ల, 1993 పుస్తకం అది, ఫ్రాన్స్‌ల బాయో ఊరి ఎంబ్రాయిడరీ బట్టను కూడ కామిక్స్ పూర్వీకుల్ల లెక్కబెట్టిండు, అది 230 అడుగుల పొడుగు బట్ట, ఇంగ్లండ్ మీద నార్మన్ల దండయాత్ర కథ. వాళ్ల బట్ట లెక్కల్లోకి వస్తే మన బట్ట ఎందుకు రాదు? వరుసల బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి కాలాన్ని నడిపిస్తే అది కామిక్సే. మార్కండేయుడు ఒకే వరుసల నాలుగు చోట్ల కనవడ్తడు, నలుగురు మార్కండేయులు అని ఎవ్వరూ అనుకోరు, అదే మనిషి నాలుగు గడియలల్ల అని ముసలవ్వకు కూడ తెలుసు. చదువుడంటే గదే.

చేర్యాల_ఎర్రరంగు:
హంటర్‌రోడ్ తమ్మి అన్నది కూడ కొంత కరెక్టే. కథ తెల్సినోనికే పటం పలుకుతది. కాని మా దిక్కు చిన్న పిల్లగాండ్లు ఆయన పాడుడు ఒక్కసారి విన్నరంటే తెల్లారి ఆ బొమ్మల ముంగట నిలవడి కథ మొత్తం వాళ్లే చెప్తరు. నాకు బాధ ఎక్కడంటే ఇప్పుడు పాడేటోళ్లు తక్కువయిన్రు, పొడుగు పటం అడిగేటోళ్లు లేరు, నకాషోళ్లు గోడకు తలిగేసే చిన్న ఫ్రేములు, మాస్కులు చేసి బతుకుతున్నరు. కథ పోయి బొమ్మ మిగిలింది. ఒక్క పటమన్న అదే వరుసల పుస్తకం లెక్క అచ్చేసి, కింద పాట మాటలు తెలుగుల పెడితే ఎంత బాగుంటది, భీమాయన ముచ్చట చదివిన కాన్నుంచి నాకు ఇదే ఆలోచన. ఎన్నడో తాతలు గీసిన పటాలు ఇంకా కొన్ని ఇండ్లల్ల ఉన్నయ్.

హంటర్‌రోడ్_రీడర్:
అన్నా, ఆ పుస్తకం వస్తే పైసలు ముందే కట్టేటోన్ని నేనే. సీరియస్‌గ చెప్తున్న. ఇంటి ఆయన ఒప్పుకుంటే మంచిగ ఫోటోలు తీసుడు నేను చూసుకుంట, నా దగ్గర కెమెరా ఉంది. బట్టను నిలబెట్టి, లైటు రెండు దిక్కుల నుంచి పెట్టి, వరుసకు వరుస తీయాలె, ముడతలు పడితే గీత పోతది.

పరకాల_ప్యానెల్స్:
పాట రికార్డు కూడ చెయ్యుండ్రి, ఫోటో ఒక్కటే చాలదు. పాడేటాయనకు పైసలు ఇచ్చి చెప్పించాలె, ఊకె గాదు.

టీచరమ్మ_జనగామ:
మా పిల్లలను చేర్యాల తీసుకపోయేటట్టు హెడ్మాస్టర్ సార్‌ను అడుగుత. అన్నా మీరు చెప్పిన వరుసల పద్ధతి చూసి ఒక ఆలోచన వచ్చింది, పాత చీర ముక్క మీద పిల్లలతోనే వాళ్ల వాడకట్టు కథ వరుసలుగా గీపిస్త. ఒక్కొక్కరికి ఒక్క జాన జాగ.

చేర్యాల_ఎర్రరంగు:
చీర వద్దు టీచరమ్మా, రంగు పీల్చుకుంటది. మందం నూలు బట్ట తెచ్చి గంజి, సుద్ద కలిపి మూడుసార్లు పూసి ఎండబెట్టుండ్రి, ఒక పూత ఆరినంకనే ఇంకోటి. ముందు ఎరుపు కాదు, ముందు మనుషుల గీత, తర్వాత ఎనక ఎరుపు నింపుడు, ఆఖరుకు నల్ల గీత.

బొగ్గుగని_బ్యాట్:
మస్తుంది ఈ ముచ్చట. కాజీపేట తమ్మీ, కొనేముందు ఒక జాగ్రత్త. ఆన్‌లైన్ల సగం ధరకు మాంగా కనవడితే ఆగు. మొన్న నా సోపతిగాడు ఒక అమ్మకందారు దగ్గర తెప్పిస్తే డూప్లికేట్ వచ్చింది. లోపలి అంచు కోసేసిన్రు, మధ్యల డైలాగ్ కుట్లల్లకు పోయింది, ఉరాసావా ఆకాశానికి వేసే సన్న చుక్కల నీడ మొత్తం నల్లటి మరక అయింది. అసలుదాంట్ల ఆ చుక్కలు లెక్కబెట్టేటట్టు ఉంటయ్. చేతికి రాంగనే ఆ నీడలు, కుట్ల దగ్గరి జాగ చూడు, తేడా ఉంటే అప్పుడే రిటర్న్.

కాజీపేట_జంక్షన్:
అందరికీ మస్తు థ్యాంక్స్. ప్లూటో ఒకటి, రెండు ఆర్డర్ పెట్టిన, భీమాయన ఒకటి. మిగిలిన పైసలతోని ధ్రువ. విన్‌ల్యాండ్ సాగా మొదటి వాల్యూమ్ పరకాల అన్న చదవనీకె ఇస్తా అంటే ఆదివారం హనుమకొండ వస్త, నా బ్యాట్‌మ్యాన్ నీకు ఇస్త.

పరకాల_ప్యానెల్స్:
ఇస్త తమ్మి. పది గంటలకు వేయి స్తంభాల గుడి గేటు కాడ. ఒకటి కాదు, మొదటి మూడు తెస్త, మొదటి దాంతోని ఆగుడు కాదు.

టీచరమ్మ_జనగామ:
కేయూ అమ్మాయీ, స్టోరీవీవర్‌ల కూడబలుక్కునే పిల్లలకు ఏ లెవెల్ నుంచి మొదలుపెట్టాలె?

కేయూ_క్రాస్‌రోడ్:
రెండు నుంచి మేడమ్. బాగ చదివేటోళ్లకు మూడు, నాలుగు ఇయ్యండి. ముందు మీరు గట్టిగ చదివి బొమ్మలు చూపెట్టండి, తర్వాత ప్రింట్ వాళ్ల చేతికియ్యండి.